ఎడమచేతి ముడి

భావనా ఋషి తామర తూడుల నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేశాడని మా పెద్దలు చెప్పేవారు. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు ఒకటే సందేహం. అంత సన్నని నూలు నేస్తుంటే ఆయనకు ఒక్క పోగైనా తెగి ఉండదా? తెగితే ముడివేసి ముందుకు పోయాడా, లేక మగ్గం ఆపి, "స్వామీ, ఇక్కడ తెగింది" అని చూపించాడా?

చిన్నప్పుడు మా నాన్నను అడిగితే తల మీద ఒకటి మొట్టాడు. సూరత్ వచ్చాక మా కులపు పూజలు చేసే బ్రహ్మచారి గారిని అడిగాను. "నీ మగ్గం నువ్వు చూసుకో లస్మయ్యా, ఋషి మగ్గం ఋషి చూసుకుంటడు," అన్నాడాయన. అడగడం మానేశాను గానీ సందేహం మానలేదు.

నలభై ఏళ్లు నాలోనే ఉన్న ఆ సందేహం ఆ ఉదయం సూరత్ శివార్లలో భేస్తాన్‌లోని మా ఇంటి నడిమింట్లో పీట వేసుకుని కూర్చుంది.

"జర రెండు ముద్దలు తిను బిడ్డా," అంటోంది నా భార్య లింగవ్వ. "నిన్న మాపటి సంది గిట్లనే ఉన్నవ్."

"ఆకలి లేదవ్వా."

"ఆకలి లేకపోతే నీళ్లన్న తాగు. ఏంది, ఆ డబ్బను చూస్తే కడుపు నిండుతదా?"

మా అమ్మాయి సంతోషి ల్యాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు. అందులో ఒక ఫారం ఉంది. గడులన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ‘లోపం ఉన్న భాగం నేసిన కారీగర్ పేరు.’ సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్ ప్రయోగశాల వాళ్లు వీడియోలో వస్తారు. అప్పటికి ఆ గడి నిండాలి.

"ఏ పేరు రాయాల్నో మీ శేఠ్ చెప్పనే చెప్పిండు గద," అంది లింగవ్వ. "రాసి పంపు. పీడ పోతది."

"అవ్వా, నువ్వు జర చుప్ ఉండు."

"తప్పేమన్న అన్ననా? పోయినోని పేరు రాస్తే పోయినోనికి ఏమైతది? బతికున్నోల్ల పేరు రాస్తే పొయ్యి ఆరుతది."

పోయినవాడు బిక్షపతి. నా పక్క మగ్గం వాడు, వరసకు బావ. పది రోజుల కిందట సివిల్ ఆసుపత్రిలో పోయాడు. మే నెల మొదటి వారం అది. బట్టలో చుట్టిన మనిషిని ఇరవై అడుగుల దూరం నుంచి చూపించి, దండం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాం. అది బిక్షపతే అన్నది కూడా చీటీ మీద రాసి ఉంటే నమ్మాం.

కిందటేడు లాక్‌డౌన్‌లో బమ్రోలిలో మేమిద్దరం పనిచేసే చీరల మగ్గాలు మూతపడినప్పుడు, జోల్వాలో తాను చెకింగ్ చేసే యూనిట్‌లోకి మమ్మల్నిద్దరినీ తీసుకువెళ్లింది సంతోషే. అక్కడ చీరలు లేవు. గాజు నూలుతో తెల్లటి బట్ట నేస్తారు. ఆ బట్ట హైదరాబాద్ పోతుంది. అక్కడ దాన్ని పొర మీద పొర జిగురుతో అంటించి, ఒక చిన్న క్షిపణికి ముక్కు టోపీ చేస్తారు. హెలికాప్టర్ దాన్ని మోసుకుపోయి, సముద్రం మీద నిలబడి, శత్రువు ఓడ మీదికి వదలాలి. అది ఇంకా తయారీలోనే ఉంది. ఒక్కసారైనా ఎగరలేదు.

దాని పేరు బయట అనకూడదని సంతోషి చేత సంతకం చేయించుకున్నారు. అందుకని ఇంట్లో మేము దాన్ని లకుముకి అంటాం. నీటి మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, చేప కనబడగానే కిందికి దూకే పిట్ట.

లకుముకి ముక్కు టోపీ ఒకటి పరీక్షలో తప్పింది. ఎక్స్‌రే తీస్తే లోపల నువ్వుగింజంత ముడి, దాని చుట్టూ గాలి బుడగ. మా పద్నాలుగో నంబరు తాను, ముప్పై ఒకటో మీటరు. ఆ తాను చూసి సంతకం పెట్టి పంపింది సంతోషి. నేసింది బిక్షపతి మగ్గం మీద. ముందు సగం అతను, వెనక సగం నేను.

గాజు నూలుకు ముడి వేయకూడదు. అదే ఆ యూనిట్‌లో మొదటి రోజు నేర్పిన మొదటి మాట. పోగు తెగితే మగ్గం ఆపాలి. బట్ట అంచుకు ఒక ఎర్ర పోగు కట్టాలి. చెకింగ్ వాళ్లను పిలవాలి. తెగింది తెగినట్టే చూపించాలి. నలభై ఏళ్లు నేర్చుకున్నదానికి అంతా ఎదురు.

"బాపు," అంది సంతోషి, నా వైపు చూడకుండా. మూడు రోజులుగా చూడటం లేదు. "నువ్వు ఇయ్యాల యూనిట్‌కు రాకు."

"ఎందుకు బిడ్డా?"

"తబియత్ బాగలేదని చెప్త. వీడియోలకు అందర్ని పిలుస్తరు. నువ్వు ఉండకు, బస్."

"నా తబియత్ మంచిగనే ఉంది."

"ఉంది గనుకనే చెప్తున్న."

లింగవ్వ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చేతిలో కంచం అలాగే ఉంది.

"సంతోషీ," అన్నాను. "ఆ ముడి…"

"చెప్పకు బాపు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పనంత సేపు నాకు తెల్వదు. చెప్పినవనుకో, తెలిసినట్టయితది. తెలిసినంక నేను రాయాలె. రాస్తే తండ్రి తప్పును బిడ్డ సంతకం పెట్టి దాచిందంటరు. ఇద్దరి పనీ పోతది. సమజ్ చేసుకో."

ఉధ్నా రోడ్డు మీద అంబులెన్స్ ఒకటి పోయింది. దాని కూత అయిపోయేదాకా లింగవ్వ కంచం కింద పెట్టలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక రోజు బిక్షపతికి మగ్గం ముందే దగ్గు తెర పట్టుకుంది. అంబులెన్స్ ఎక్కుతూ మాస్కులోంచి, "బావా, జర నా మగ్గం చూడు," అన్నాడు. నేను వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి ఒక పోగు తెగింది. మగ్గం ఆగింది. నా కళ్లు తలుపు వైపే ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేశాయి. చూసుకునేసరికి ముడి పడిపోయి ఉంది.

విప్పి ఎర్ర పోగు కట్టవచ్చు. కట్టలేదు. ‘తెగినదాన్ని అతికినవాడిని దేవుడు మెచ్చుకుంటాడు’ అని నాలోని పాత మనిషి ఒకడు అన్నాడు. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది. విన్నాను. మగ్గం నడిపించాను.

*

పదకొండు గంటలకు గడప బయట ఎవరో దగ్గినట్టయింది. లింగవ్వ ఉలిక్కిపడి కొంగు ముక్కుకు పెట్టుకుంది.

బిక్షపతి భార్య సారక్క. మాస్కు మీద కొంగు, కొంగు కింద బొట్టు లేని నుదురు. ఆమె కూడా మా యూనిట్‌లోనే కండెలు చుడుతుంది. యూనిట్ వెనక ఇచ్చిన ఖోలీలో ఉంటారు. ఉండేవారు.

"లోపలికి రా సారక్కా," అంది లింగవ్వ. అన్నదే గానీ అడుగు పక్కకు వేయలేదు.

"రాను వదినా. నాకు రెండు మైలలున్నయి. చావుది ఒకటి, రోగానిది ఒకటి." ఆమె మెట్టు మీదే కూర్చుంది. "దినాలు కాకముందే గడప దాటినందుకు ఏమనుకోకుండ్రి. చెప్పి పంపేటందుకు నాకు మనిషి లేడు. రేపు పదకొండో దినం. ఊరికెల్లి ఎవరూ వచ్చేటట్టు లేదు. అన్న ఒక్కడు వచ్చి నిలబడితే చాలు."

"వస్త," అన్నాను.

సారక్క కాసేపు తన కాళ్ల వైపు చూసుకుంది.

"మొన్న మేనేజర్ వచ్చిండన్నా. దినాలైనంక ఖోలీ ఖాళీ చేయాలె అన్నడు. మీ ఆయన సర్కారు సామాను ఖరాబు చేసిండు, కాగితాల మీద పేరు పోతుంది, గసువంటోల్లకు జాగ ఇయ్యం అన్నడు." ఆమె తల ఎత్తింది. "నువ్వు పక్కనే ఉంటివి. ఆయన ముడి వేసిండా అన్నా?"

నా నోటి దాకా వచ్చింది. నా వెనక సంతోషి ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఆ ఊపిరి నన్ను పట్టుకుంది.

"గిప్పుడు గవన్నీ ఎందుకు సారక్కా," అంది లింగవ్వ. "చాయ్ పెడుత. బయటనే కూసోని తాగిపో."

"వద్దు వదినా." సారక్క నా జవాబు కోసం ఇంకొంచెం ఆగింది. రాలేదు. లేచింది. లేచి, ఏదో గుర్తొచ్చినట్టు చిన్నగా నవ్వింది.

"దవాఖానలకెల్లి ఒక్కటే సారి ఫోన్ కలిసింది. ఊపిరి ఆడుత లేదు. అయినా ఎకసెక్కాలే. ‘లస్మయ్య బావను జర యాది చేయి, నాకొక అతుకు బాకీ ఉన్నడు, ఎగ్గొడుదామని చూస్తుండు’ అన్నడు. ఆడికే ఫోన్ తెగింది."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నేను మెట్టు మీదే నిలబడ్డాను.

అది ఇరవై ఆరేళ్ల బాకీ. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటే ముడివేయాలి. దాన్నే అతుకు అంటాం. వేల పోగులు. ఒకరు అందించాలి, ఒకరు ముడివేయాలి. మా వాళ్లలో ఒకరి అతుకు ఇంకొకరు వేస్తే డబ్బు తీసుకోరు. అతుకుకు అతుకే బదులు. సంతోషి పుట్టిన రోజు నేను ఆసుపత్రి వరండాలో ఉంటే, నా మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తారని బిక్షపతి ఒక్కడే కూర్చుని నా అతుకు మొత్తం వేశాడు. బదులు తీర్చబోయిన ప్రతిసారీ అడ్డుపడేవాడు. "వద్దు బావా. బాకీ ఉన్నన్ని దినాలే నువ్వు నాకు చాయ్ పోస్తవ్," అనేవాడు. ఇరవై ఆరేళ్లు చాయ్ పోశాను.

లోపలికి వచ్చేసరికి సంతోషి బ్యాగు సర్దుకుంటోంది. ల్యాప్‌టాప్ మూయబోయి ఆగింది. తెర మీద హైదరాబాద్ నుంచి వచ్చిన ఫోటో ఉంది. పెద్దది చేసి తీసిన ముడి. రెండు కొసలూ ఎడమకు వాలి ఉన్నాయి.

"చిన్నప్పుడు నా జడ రిబ్బన్లు నువ్వే కట్టేటోడివి," అంది, తెరతోనే మాట్లాడుతున్నట్టు. "బళ్లె మా గుజరాతీ టీచర్‌కు విప్పొచ్చేది కాదు. ‘తారా పప్పా ఊంధీ గాంఠ్ మారే ఛే’ అనేది. మీ నాయిన తలకిందుల ముడి వేస్తడు అని."

నేను పుట్టు ఎడమచేతి వాణ్ణి. అన్నం తినే చెయ్యిని మా నాన్న కొట్టి కొట్టి మార్చాడు. ముడి వేసే చెయ్యి మారలేదు.

లింగవ్వ ఆ ఫోటో చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది. కంచంలోని అన్నం తిరిగి గిన్నెలో వేసి మూత పెట్టింది. ఆ పూట మళ్లీ ఎవరినీ తినమనలేదు.

"నేను వస్తున్న," అన్నాను.

సంతోషి సరే అనలేదు, వద్దనలేదు. బండి స్టార్ట్ చేసి, నేను ఎక్కేదాకా ఆగింది.

*

శేఠ్ గదిలో కుర్చీలు దూరం దూరంగా వేశారు. గోడకున్న టీవీలో నాలుగింటికి ఒక ముఖం వచ్చింది. నెరిసిన జుట్టు, మాస్కు. ఉషాదేవి గారు. ఆ ముక్కు టోపీల పని చూసేది ఆవిడే. తెలుగావిడ. మామూలు రోజుల్లో అయితే తనే వచ్చి మగ్గం చూసి పోయేదట. ఇప్పుడు రాకపోకలు లేవు.

"అందరూ బాగున్నారా?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగింది. "మా దగ్గర ఇద్దరు పోయారు. మీ బిక్షపతి గారి సంగతి విన్నాను. కష్టంగా ఉంది. కానీ ఈ రిపోర్టు ఆపలేను."

సంతోషి మాస్కు దించి చదవడం మొదలుపెట్టింది. తాను నంబరు. మీటరు. తేదీ. నూలు పెట్టె నంబరు. గొంతు తడబడలేదు. ఆఖరి గడి దగ్గర ఆగింది.

"నేసిన వారి పేరు?" అన్నారు ఉషాదేవి గారు.

శేఠ్ గొంతు సవరించుకున్నాడు. సంతోషి పెదవులు ‘బి’ అన్నట్టు కలిశాయి.

ఆ రెండు పెదవులూ కలవడం చూశాక నేను కూర్చోలేకపోయాను. నేను చెప్పని మాట నా బిడ్డ నోట అబద్ధమై బయటికి రాబోతోంది.

"మేడం, ఆ ముడి నాది," అన్నాను.

"లస్మాభాయ్, బేసీ జావ్," అన్నాడు శేఠ్, మెల్లగా, కూర్చోమని.

"మీరెవరు?" అన్నారావిడ.

"లస్మయ్య. ఈ పిల్ల తండ్రిని. బిక్షపతిని దవాఖానకు తోలుకపోయిన దినం ఆ మగ్గం మీద నేనే ఉన్న."

"లస్మయ్య గారూ, ఆయన లేరు. ఆయన మీద ప్రేమతో మీ మీద వేసుకుంటున్నారేమో. నేనెలా నమ్మాలి?"

"ఒక దారం ఇప్పించుండ్రి."

తానులు కట్టే దారం తెచ్చారు. టీవీ పైనున్న కెమెరా ముందు చేతులు పెట్టి ముడి వేశాను. ఆవిడ ఫోటోను పక్కన పెట్టి చూసింది. ఇంకొకటి వేయమంది. వేశాను. కుడిచేత్తో వేయమంది. రెండుసార్లు జారిపోయింది.

"ఆ చెయ్యి అన్నం తినుడు ఒక్కటే నేర్చుకుంది మేడం," అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి పెట్టుకుంది.

"నేనొక మాట అడుగొచ్చునా?" అన్నాను. "చీరల గిసువంటి ముడులు వంద పడ్డా ఎవరికీ కానరావు. ఒక్క ముడికి మా లకుముకికి ఏమైతది?"

"దేనికి?"

సంతోషి తల దించుకుంది. చెప్పేశాను, ఇంట్లో మేము పెట్టుకున్న పేరని. ఆవిడ కళ్ల చివర్లు కొంచెం మెత్తబడ్డాయి.

"ఓడ నుంచి వదిలేదైతే ఎంత బరువున్నా ఓడ మోస్తుంది. దీన్ని హెలికాప్టర్ మోయాలి. అందుకని గ్రాము గ్రాము తగ్గించుకుంటూ వచ్చాం. ముక్కు టోపీకి మొదట తొమ్మిది పొరలు. ఇప్పుడు ఆరు. తొమ్మిదిలో ఒక ముడి దాక్కుంటుంది లస్మయ్య గారూ. ఆరులో దాక్కోదు. దాని కన్ను ఆ టోపీలోంచే చూస్తుంది. వదిలిన క్షణంలో అక్కడ పగిలితే అది ఎటు పోతుందో తెలియదు. పైన హెలికాప్టర్‌లో మనుషులుంటారు."

ఓడలో కూడా మనుషులుంటారు కదా అనిపించింది. కట్టుకునే బట్ట నేసిన చేతులు ఇలాంటిదానికి బట్ట నేయవచ్చా అని చాలా రోజులు ఆలోచించాను. జవాబు తెలియలేదు. కానీ మనవాళ్లో కాదో, ఎవరి మీదో నాకు తెలియకుండా నా ముడి పోయి పడటం మాత్రం ఏ ధర్మమూ కాదు. అదొక్కటి తెలిసింది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్నారావిడ.

"నాకు తెలిసి ఒక్కటే."

"తెలియకుండా?"

నా చేతుల వైపు చూసుకున్నాను. "చేతులను అడగాలె మేడం."

శేఠ్ కళ్లు మూసుకున్నాడు.

"అయితే మీరు నేసిన పదకొండు తానులూ విప్పి చూడాలి," అన్నారు ఉషాదేవి గారు, కాగితం మీద రాసుకుంటూ. "హెలికాప్టర్‌కు తగిలించి ఎగరేసే రోజు ఖరారైంది. దాన్ని వెనక్కి జరపాలి. ఎన్ని నెలలో నాకే తెలియదు." కలం ఆగింది. "సంతోషి గారూ, ఈ ఫోటో మీకు మూడు రోజుల కిందట పంపాను. ఇది ఎవరి ముడో మీకు ఎప్పుడు తెలిసింది?"

తెలియదు అంటే సరిపోతుంది. నేను మనసులో మార్కండేయ స్వామిని పట్టుకున్నాను. ఆమె చేత ఏమనిపించమని వేడుకోవాలో తెలియక ఊరికే పట్టుకున్నాను.

"ఫోటో తెరిచిన నిమిషమే మేడం," అంది సంతోషి.

ఆవిడ తల ఊపింది. "రేపు సాయంత్రానికి మెయిల్ పెడతాను," అంది. తెర నల్లబడింది.

శేఠ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "లస్మాభాయ్, కల్ సే మత్ ఆనా," అన్నాడు, రేపటి నుంచి రావద్దని. సంతోషి సంగతి హైదరాబాద్ మెయిల్ చూశాక అన్నాడు.

"మాలిక్, ఒక్కటి అడుగుత," అన్నాను. "బిక్షపతి మగ్గం మీద కొత్త పడుగు పది దినాల సంది అట్లనే ఉంది. అతుకేసేటోల్లు అందరూ ఊర్లకు పోయిండ్రు. రేపొక్క దినం నన్ను రానియ్యుండ్రి. అతికి పోత."

"దాంట్ల కూడా ముడేస్తవా?" అన్నాడు, అలసిపోయిన గొంతుతో.

"అతుకంటే ముడే గద మాలిక్. మొదటి గజం ఎట్లాగూ కోసి పారేస్తరు."

ఆయన చేయి ఊపాడు. రమ్మనో, పొమ్మనో. నేను రమ్మన్నట్టే తీసుకున్నాను.

*

పదకొండో దినానికి నలుగురం ఉన్నాం, బ్రహ్మచారి గారితో కలిపి. ఆయన మంత్రాలు మాస్కులోంచి సగమే వినిపించాయి. పిండం పెట్టిన చోటికి కాకి రాలేదు. సారక్క ఎదురుచూసి ఎదురుచూసి, "ఆయన ఎప్పుడూ లేటే," అంది.

నీళ్లు విడిచి అక్కడి నుంచి నేరుగా యూనిట్‌కు పోయాను. సారక్క వెనకే వచ్చింది.

"అతుకు ఒక్కనివే ఎట్ల వేస్తవన్నా? పోగు అందించెటోల్లు ఉండాలె."

"ఆయన ఒక్కడే వేసిండు ఆనాడు."

"ఆయనకు పిచ్చి," అంది. అని, మగ్గం అవతలి వైపు కూర్చుంది.

వెయ్యీ నూట ఇరవై పోగులు. ఊళ్లో అయితే అతుకు వేసేటప్పుడు వేళ్లకు బూడిద రాసుకుంటాం, జారకుండా. ఇక్కడ బూడిద కూడదు. పల్చటి తొడుగులు వేసుకున్నాను. గాజు నూలు తొడుగుల్లోంచి కూడా గుచ్చుకుంటుంది. ఆమె అందించింది, నేను వేశాను. మూడు వందలు అయ్యాయి.

"నిన్న మాపు శేఠ్ గదిల ఒప్పుకున్నవట. పొద్దున మెట్టు మీద కూసోని అడిగితే నువ్వు నోరు తెరువలే," అంది, పోగు అందిస్తూ.

"తెరువలే సారక్కా."

"నేను పొద్దంత ఆయననే తిట్టుకున్న. సచ్చి కూడా నాకు జాగ లేకుండ చేసిండని. పిండం అందుకోవాల్సినోన్ని తిట్టుకుంట కూసున్న."

ముడి వేయబోయిన చేయి ఆగిపోయింది. మన్నించమని అడగబోయాను.

"ఇగో, పోగు పట్టు," అంది.

పట్టుకున్నాను. మేనేజర్ రెండుసార్లు అటుగా వచ్చి పోయాడు. ఖోలీ మాట ఎత్తలేదు. ఎత్తలేదు గనుక ఉండమన్నట్టో, రేపు ఎత్తుతాడో, ఎవరికీ తెలియదు.

ఐదు గంటలకు సంతోషి వచ్చి నా వెనక నిలబడింది. చేతిలో ఫోన్.

"మెయిల్ వచ్చింది బాపు."

"ఏమున్నది?"

"తెరువలే." కాసేపాగి అడిగింది. "ఇంకెన్ని ఉన్నయి?"

సారక్క పోగులను వేలితో జరిపి చూసింది. "నలభై ఉంటయి బిడ్డా."

"కానియ్యుండ్రి," అంది సంతోషి. ఫోన్‌ను రెండు చేతుల మధ్య పట్టుకుని, గోడకు ఆనుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి నా చేతుల వైపు చూస్తోంది. నా ముఖం వైపు కాదు, చేతుల వైపు. పరీక్ష చేసేవాళ్లు చూసినట్టు.

ఆఖరి పోగు అంచుది. ముడి వేశాను. కొసలు రెండూ ఎడమకు వాలాయి. బల్ల మీది పెట్టెలోంచి ఒక ఎర్ర పోగు తీసి, ఆ ముడి పక్కనే బట్ట అంచుకు కట్టాను. ఇక్కడ అతుకు ఉందని చూసేవాళ్లకు తెలియడానికి.

సారక్క లేచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ముడుల మీదుగా వేలు పోనిచ్చింది. వెయ్యీ నూట ఇరవై. రేపు మగ్గం కదిలితే మొదటి గజంతో పాటు అన్నీ కత్తిరించి బయట పారేస్తారు. ఒక్కటి కూడా బట్టలో మిగలదు.

"బావకు చెప్పు సారక్కా," అన్నాను.

ఆమె ఆ చివర నిలబడి, ముఖం కొంగుతో తుడుచుకుంది.

"చెల్లింది అన్నా," అంది. "ఇగ ఆయనకు చాయ్ పొయ్యకు."